అహోబిల యాత్ర – కెమేరా కంటికి రంగుటద్దములు

మా అమ్మ పదేండ్ల ప్రాయమున తన తండ్రి చేయి పట్టుకొని, ఎగువ అహోబిలము దాటి, జ్వాలా నరసింహస్వామి గుహ వరకు నడచినదట. ఆ తరువాత ఆమె దిగువ అహోబిలమునకు ఎన్నియో మారులు వచ్చెను గాని, మోకాళ్ళ నొప్పుల మూలమున పైకి ఎక్కుటకు వీలుపడలేదు. నేను కళాశాలలో చదువుచుండిన దినములలో, ఒక మిత్రుని వద్ద కెమేరా అరువు తెచ్చుకొని, నలుపు తెలుపు ఫిల్ము ఒకటి అందులో ఎక్కించుకొని అహోబిలమునకు బయలుదేరితిని. అప్పుడు ఆమె కోరినది ఒక్కటే. జ్వాలా నరసింహుని గుహ ముందర నిలువునా నిలిచిన ఆ ఎఱ్ఱని కొండ బొమ్మ తెచ్చి ఇమ్మనెను.

తెచ్చి ఇచ్చితిని. చేతిలోనికి తీసికొని, దూరముగా పట్టి, దగ్గరగా పట్టి చూచి, ఆమె ఇట్లనెను: “ఏం నాయనా, ఎర్రకొండ తెమ్మంటే సున్నం కొట్టిన గోడ తెచ్చినావే! నేను చూసిన కొండ ఇది కాదు.”

నలుపు తెలుపు చిత్రములో ఎఱుపు కనబడదని ఆమెకును తెలియును. ఆమె చెప్పినది రంగును గూర్చి కాదు. ఆమె మనసులో ఆ కొండ బరువుగా, ముదురుగా, మీద పడునట్లు నిలిచి ఉన్నది. నా చిత్రములోనో అది తేలికయై, వెలవెలబోయి, దాని వెనుక ఆకాశము మాత్రము కాటుకవలె నల్లబడి ఉన్నది. తప్పు కెమేరాది కాదు, ఫిల్ముది కాదు. లెన్సు ముందర నేను బిగించిన ఒక ఎఱ్ఱని అద్దపు బిళ్ళది. సరిగా చెప్పవలెనన్న, దానిని బిగించిన నాది. ఎఱ్ఱ ఫిల్టరు పెట్టినచో ఆకాశము గంభీరముగా వచ్చునని ఏదో పుస్తకములో చదివి పెట్టితిని. ఆకాశము వచ్చినది. కొండ పోయినది.

కెమేరాకు తగిలించు ఫిల్టరులను గూర్చి నేను నేర్చుకొన్న మొదటి పాఠమది. ఫిల్టరు ఏదైనను వెలుతురును కలుపదు. ఉన్న వెలుతురులో కొంత తీసివేయును. జల్లెడ పిండిని చేయదు, నూకను ఆపును, ఇదియు అట్లే. కావున ‘ఏ ఫిల్టరు పెట్టవలెను?’ అను ప్రశ్నకు అసలు రూపము ‘ఈ వెలుతురులో నాకు అక్కరలేనిది ఏది?’ అనునది. దానికి జవాబు తెలియని యెడల అద్దమును పెట్టెలోనే ఉంచుట మేలు.

నా చిత్రములో జరిగినది ఏమో కొంచెము విచారింతము. సూర్యుని తెల్లని వెలుతురులో అన్ని రంగులును కలసి ఉన్నవి. ఎఱ్ఱని అద్దము ఎఱుపును పోనిచ్చి, నీలమును, ఆకుపచ్చను చాలవరకు ఆపివేయును. ఆకాశమునుండి వచ్చునది ఎక్కువగా నీలము. అది ఆగిపోయినది కావున ఆకాశము నల్లబడినది. నల్లమల చెట్లనుండి వచ్చునది ఎక్కువగా ఆకుపచ్చ. అదియు ఆగినది కావున అడవి అంతయు బొగ్గు ముద్దయైనది. ఇక కొండ. అహోబిలపు కొండలు క్వార్ట్‌జైటు అను గట్టి రాతివి. ఎండకు, వానకు బయటపడిన వాని ముఖములు ఎఱుపు, తుప్పు, పసుపు చారలతో ఉండును. ఆ రాతినుండి వచ్చిన ఎఱ్ఱని వెలుతురునకు ఎఱ్ఱని అద్దము అడ్డమే కాలేదు. ఫిల్మునకు ఆ రాయి తెల్లని గోడ ఎంతయో అంత వెలుతురు ఇచ్చినది. నలుపు తెలుపు ఫిల్ము రంగును ఎఱుగదు, వెలుతురు ఎంత వచ్చినదో అంతయే వ్రాసికొనును. సున్నపుగోడ అని మా అమ్మ అన్నది శాస్త్రరీత్యా కూడ సరియైన మాటయే.

నలుపు తెలుపులో సూత్రము ఇంతే: అద్దపు రంగు ఏదియో ఆ రంగు వస్తువు చిత్రములో తేలికపడును, దానికి ఎదురు రంగు వస్తువు ముదురుపడును. నేను ఆనాడు ఆకుపచ్చ అద్దము పెట్టియుండినచో కొండ ముదురుగా, దాని పగుళ్ళలో మొలచిన చెట్లు తేలికగా, ఒకదానినుండి మఱియొకటి విడివడి వచ్చియుండెడివి. లేత పసుపు అద్దము పెట్టియుండినను చాలును. ఆకాశము కొంచెము దిగి, తెల్లని మబ్బు దానినుండి విడివడి, కొండ ఉన్నదున్నట్లు నిలిచియుండెడిది. ‘ఎనిమిదవ నంబరు’ అని ఛాయాగ్రాహకులు పిలుచు ఈ పసుపు అద్దమును నలుపు తెలుపు పనివారు ఎండలో లెన్సునుండి తీయకుండుటకు కారణమదియే. నారింజ అద్దము పసుపునకు, ఎఱుపునకు నడుమ నిలుచును. ఇరువదియైదవ నంబరు ఎఱుపు మాత్రము కారము వంటిది. ఎంత వేయవలెనో తెలిసినవారు వేయవలెను.

ఈ అద్దములకు రుసుము కూడ కలదు. పసుపు అద్దము వెలుతురును సగమునకు తగ్గించును. కావున రెండింతల ఎక్స్‌పోజరు ఇయ్యవలెను. ఎఱ్ఱ అద్దమునకు ఎనిమిదింతలు ఇయ్యవలెను. ఇంచుమించు నూట ఇరువదియైదు వేగము గల ఫిల్ముతో, మంచి ఎండలో, సెకండులో 125వ వంతు షట్టరుతో లెన్సు ద్వారము 16 వద్ద ఉంచి తీయు చిత్రమును, ఎఱ్ఱ అద్దము బిగించినచో 11, 8 దాటి 5.6 వరకు తెరచి తీయవలెను. లేదా షట్టరును 15వ వంతునకు దింపవలెను. అప్పుడు కెమేరా చేతిలో నిలువదు, చిత్రము చెదరును. మధ్యాహ్నపు టెండలో ఈ రుసుము తెలియదు. సాయంకాలము అయిదు గంటలకు లోయలో దిగినప్పుడు తెలియును.

ఈ పసుపు అద్దముల పుట్టుకయు వినదగినదే. తొలినాళ్ళ గాజు పలకలు నీలమునకు తప్ప ఇతర రంగులకు ఇంచుమించు గ్రుడ్డివి. 1873లో జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఫోగెల్, పలక మీది మందులో కొన్ని రంగులు కలిపినచో అది ఆకుపచ్చనుకూడ చూడగలదని కనిపెట్టెను. ఎఱుపుతో సహా అన్ని రంగులను చూడగల పాంక్రోమాటిక్ పలకలు 1906లో ఇంగ్లండులో ర్యాటెన్ – వెయిన్‌రైట్ కంపెనీనుండి అమ్మకమునకు వచ్చెను. మనము నేటికిని వాడుచున్న ఫిల్టరు నంబరులు ఆ ర్యాటెన్ పేరిటివే. హైదరాబాదున ఆరవ నిజాము కొలువులో ఛాయాగ్రాహకుడుగా ప్రసిద్ధికెక్కిన రాజా దీన్ దయాళ్ (1844–1905) పని చేసినది ఈ మార్పునకు ముందటి కాలమున. ఆ కాలపు చిత్రములలో ఆకాశము చాలచోట్ల వట్టి తెల్లకాగితము. అంతటివాడు ఆ పలకలతో అహోబిలమునకు వచ్చియుండినను, నాకు పడిన చిత్రమునకు సరిగా తలక్రిందులుగా, ఆకాశము తెల్లగా, ఎఱ్ఱకొండ నల్లగా వచ్చియుండెడిది. అదియైనచో మా అమ్మ ఒప్పుకొనియుండెడిదేమో!

ఇక నేటి సంగతి. ఇప్పుడు ఇంటింట ఉన్నది డిజిటల్ కెమేరా; అంతకంటె ఎక్కువగా చేతి ఫోను. ఫిల్ము కాలపు ఫిల్టరుల పెట్టెలో ముప్పాతిక వంతునకు నేడు పని లేదు. నలుపు తెలుపు చిత్రము కావలసినవారు రంగులలో తీసి, ఇంటికి వచ్చిన పిమ్మట కంప్యూటరులో ఎఱుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలము ఎంత అని పాళ్ళు మార్చి చూచుకొనవచ్చును. నా ఎఱ్ఱ అద్దపు తప్పును అక్కడ మూడు క్షణములలో చేయవచ్చును, మూడు క్షణములలో దిద్దనూవచ్చును. అట్లే దీపపు కాంతిలోని పసుపుచాయను విఱుచుటకై ఫిల్ము వాడువారు నీలి అద్దమును, దీపముల ఫిల్మును పగటివేళ వాడుటకై నారింజ చాయ అద్దమును తగిలించుచుండిరి. ఆ పనిని నేడు కెమేరాలోని ‘వైట్ బ్యాలెన్స్’ చేయును.

యూ.వీ. అద్దమును గూర్చియు ఒక మాట. కంటికి కానరాని అతినీల కిరణములకు ఫిల్ము లోబడెడిది. కావున కొండ ప్రదేశములలో ఆ అద్దము అవసరమయ్యెడిది. డిజిటల్ కెమేరాలలో ఆ కిరణములు లోపలనే చాలవరకు ఆగిపోవును. కెమేరా కొనినప్పుడు అంగడివారు దీనిని కూడ అంటగట్టుదురు. దుమ్ము, తుంపర, చేతివ్రేళ్ళ జిడ్డు లెన్సు మీద పడకుండ కాపాడు మూతగా దానిని ఉంచుకొనవచ్చును గాని, అది చిత్రమును బాగుపరచునని నమ్మవలదు. సూర్యునికి ఎదురుగా తీయునప్పుడు చవక అద్దము చిత్రమును చెఱచును కూడ. మంచిదో చవకదో తెలిసికొనుటకు ఒక సులువు ఉన్నది. అద్దమును వాలుగా పట్టి అందులో కిటికీ ప్రతిబింబమును చూడుడు. ప్రతిబింబము మసకగా, ఊదా లేక పచ్చ చాయతో ఉన్నచో పూత గల మంచి అద్దము. కిటికీ తెల్లగా తళతళలాడుచు కనబడినచో అది వట్టి గాజు.

కావున నేడు అహోబిలమునకు పోవువారు సంచిలో వేసికొనదగినవి నా లెక్కలో రెండే. ఒకటి పోలరైజరు, రెండవది బూడిదరంగు ఎన్.డి. అద్దము. ఈ రెండును చేయు పనిని తరువాత ఏ యంత్రమును పూర్తిగా చేయజాలదు. ఏలయనగా అవి తీసివేయునది లెన్సు వద్దనే తీసివేయవలసినది.

పోలరైజరును గూర్చి చెప్పుటకు ముందు ఒక ఓడ ప్రయాణమును తలచుకొనవలెను. 1921లో సర్ సి.వి. రామన్ ఇంగ్లండునుండి ‘నార్కుండా’ అను ఓడలో స్వదేశమునకు తిరిగివచ్చుచుండెను. రామన్ బాల్యము గడచినది మన విశాఖపట్టణముననే. తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపాధ్యాయుడు. సముద్రపు నీలిరంగు ఆకాశపు నీడయే అని ఆనాటి పెద్దల మాట. రామన్ తనవెంట తెచ్చుకొన్న నికాల్ పట్టకమును కంటికి అడ్డము పెట్టి మధ్యధరా సముద్రమును చూచెను. ఆ పట్టకమును తగిన వాలులో తిప్పినప్పుడు నీటి మీది మెఱుపు, అనగా ఆకాశపు నీడ, ఆరిపోయెను. సముద్రము మాత్రము మునుపటికంటె నిండైన నీలముతో కనబడెను. నీడను తీసివేసినను రంగు పోలేదు కావున అది నీటి సొంత రంగే అని ఆయన నిశ్చయించెను. ఆ సంవత్సరమే ‘నేచర్’ పత్రికలో ఆ సంగతి ప్రకటించెను. నేడు మనము లెన్సునకు తగిలించు పోలరైజరు చేయునది సరిగా ఆ పట్టకము చేసిన పనియే.

వెలుతురు ఒక అల. సూర్యునినుండి నేరుగా వచ్చునప్పుడు అది అన్ని దిక్కులలోను ఊగుచు వచ్చును. నీటి మీదనో, తడి రాతి మీదనో, నిగనిగలాడు ఆకు మీదనో వాలుగా పడి మఱలినప్పుడు, ఆ మఱలిన వెలుతురు ఎక్కువగా ఒకే దిక్కున ఊగును. పోలరైజరు సన్నని కమ్మీల కటకటాల వంటిది. కమ్మీల దిక్కున ఊగు వెలుతురు దూరిపోవును, అడ్డముగా ఊగునది ఆగిపోవును. అద్దపు బిళ్ళకు తిరుగు చట్రము ఉన్నది అందులకే. చట్రమును త్రిప్పుచు చూచినచో ఒకచోట మెఱుపు ఆరును, ఇంకొకచోట మఱల వెలుగును. నీటి విషయమున చూపు నిలువునుండి ఇంచుమించు 53 డిగ్రీలు వాలినప్పుడు ఇది సంపూర్ణముగా పనిచేయును. ఒడ్డున నిలిచి ఆరేడు అడుగుల దూరములోని నీటిని చూచినట్లన్నమాట, పెద్ద తేడా లేదు. లోహపు మెఱుపు మీద దీనికి అధికారము లేదు. ధ్వజస్తంభపు ఇత్తడి తొడుగు దగదగలను ఇది ఆర్పజాలదు.

అహోబిలములో దీనికి మొదటి పని భవనాశిని వద్ద. ఎగువ అహోబిలమునుండి జ్వాలా నరసింహుని వైపు పోవు బాట ఆ వాగును ఆనుకొని, అక్కడక్కడ వాగులోనే దిగి పోవును. నీరు అద్దమువలె తేట. కంటికి అడుగున ఎఱ్ఱని, పసుపుపచ్చని గులకరాళ్ళు కనబడును. చిత్రములో తెల్లని ఆకాశపు ముక్క తప్ప ఏమియు కనబడదు. మన కన్నులు రెండు, మనసు ఒకటి కలసి మెఱుపును త్రోసిపుచ్చి చూచును. కెమేరాకు ఆ నేర్పు లేదు. పోలరైజరు త్రిప్పినప్పుడు గులకరాళ్ళు ఒక్కొక్కటిగా పైకి తేలివచ్చును.

రెండవ పని అడవిలో. వానకాలమున తడిసిన ఆకులు పచ్చగా ఉండునని అనుకొందుము గాని, ప్రతి ఆకు మీదను ఆకాశపు తెలుపు పలుచని పొరవలె ఉండును. ఆ పొర తొలగినచో అడుగున నిజమైన పచ్చదనము బయటపడును. తడి కొండరాయియు అంతే, ఎఱుపు దట్టమగును. కొందఱు పోలరైజరు ఆకాశమునకు మాత్రమే అని తలంతురు. నా మట్టుకు నాకు అది ఆకాశమునకంటె రాళ్ళకు, ఆకులకే ఎక్కువ ఉపకరించినది.

ఆకాశము మాట వచ్చినది కావున అదియు చెప్పవలెను. ఆకాశపు నీలము గాలిలో చెదరిన వెలుతురు. సూర్యునికి లంబముగా ఉన్న భాగమున ఆ వెలుతురు ఎక్కువగా ఒకే దిక్కున ఊగును. దానిని కనుగొనుటకు ఏ పరికరమును అక్కరలేదు. చూపుడు వ్రేలును సూర్యుని వైపు చాచి, బొటనవ్రేలును దానికి లంబముగా నిలిపి, మణికట్టును త్రిప్పుడు. బొటనవ్రేలు చూపిన చోటులందెల్ల పోలరైజరు ఆకాశమును దట్టమైన నీలముగా దింపగలదు. ఉదయమున, సాయంకాలమున అది ఉత్తర దక్షిణములుగా నడినెత్తి మీదుగా పోవు పట్టీ. అహోబిలము ఉత్తర అక్షాంశము ఇంచుమించు 15 డిగ్రీలు. అందుచేత మే నెల తొలి దినములలోను, ఆగస్టు రెండవ వారమునందును మధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు ఆ పట్టీ దిగంతము చుట్టును వడ్డాణమువలె దిగి, ఏ దిక్కు కొండను చూచినను వెనుక ఆకాశము దిగును. అయితే ఆ వేళ కొండముఖముల మీద నీడలే ఉండవు. చిత్రమునకు పనికివచ్చునా అనునది వేఱు ప్రశ్న. నేనైతే ఆ వేళ దిగువ అహోబిలములో చెట్టునీడను కూర్చుందును.

మిక్కిలి వెడల్పుగా చూచు లెన్సునకు పోలరైజరు తగిలించినచో, ఆకాశములో ఒక మూల నల్లగా, ఒక మూల తెల్లగా మచ్చ పడును. చేతి ఫోనులలో చాలవాటి లెన్సు అట్టిదే. దీనికి రుసుము ఒకటిన్నర మొదలు రెండు స్టాపుల వరకు, అనగా వెలుతురులో మూడవ వంతో నాల్గవ వంతో మాత్రమే లోపలికి పోవును. ఆటోఫోకసు గల కెమేరాలకు ‘సర్క్యులర్’ అని వ్రాసినదానినే కొనవలెను.

ఫోను మాత్రమే ఉన్నవారు నిరాశపడనక్కరలేదు. కొన్ని చలువ కళ్ళద్దములలో ఇదే గుణము కలదు. ఆ కళ్ళద్దమును ఫోను లెన్సునకు ఆనించి, మెల్లగా త్రిప్పి చూడుడు. మీ కళ్ళద్దము అట్టిదా కాదా అను సందేహమునకు పరీక్ష ఇంటిలోనే ఉన్నది. దానిలోనుండి చేతి లెక్కల యంత్రపు అంకెలను చూచుచు కళ్ళద్దమును త్రిప్పినప్పుడు, ఒక వాలున అంకెల వెనుక తెర అంతయు నల్లబడినచో అది పోలరైజరే. అయితే ఇందులో ఏ అద్దముతోను సూర్యుని నేరుగా చూడరాదు. కెమేరా అద్దము కంటికి కాపు కాదు; గ్రహణమునాడు పిల్లలు వీనికై చేయి చాపకుండ చూడుడు.

రెండవ అద్దము ఎన్.డి. ఇది ఏ రంగును ఎన్నుకొనదు. అన్నిటిని సమముగా తగ్గించును. వెలుతురే చాలదని ఏడ్చువారికి తగ్గించు అద్దము ఎందులకని అడుగవచ్చును. జలపాతము కొఱకు. వానలు కురిసిన దినములలో జ్వాలా నరసింహుని గుహ ముందర కొండమీదినుండి భవనాశిని ధారగా పడును. యాత్రికులు ఆ తుంపరలో తడిసి నడతురు. సెకండులో 500వ వంతు షట్టరుతో తీసినచో ఆ ధార గాలిలో నిలిచిన పూసలవలె వచ్చును. సెకండులో నాల్గవ వంతు తెరచి ఉంచినచో పట్టుదారములవలె జాలువారును. కంటికి తోచునది ఈ రెండింటికి నడుమ ఎక్కడనో ఉన్నదని నా అభిప్రాయము. ఎవరి మనసు వారిది.

లెక్క సులభమే. లోయ నీడలో, వేగము 100 పెట్టి, లెన్సు ద్వారము 11 వద్ద, షట్టరు 30వ వంతు వచ్చినదనుకొందము. ఎనిమిదవ వంతు వెలుతురును మాత్రము పోనిచ్చు మూడు స్టాపుల ఎన్.డి. అద్దము బిగించినచో 30వ వంతు 15, 8 దాటి నాల్గవ వంతు అగును. ఆరు స్టాపుల అద్దమైనచో రెండు సెకండులు. పదింటిది వెలుతురును వేయింట ఒక పాలునకు దింపును. అందులో ధార పొగయై, నీరో మంచో తెలియకుండ పోవును. మూడింటి అద్దము చాలును. అదియు లేనివారు పోలరైజరునే రెండు స్టాపుల ఎన్.డి.గా వాడుకొనవచ్చును, తడి రాళ్ళ మెఱుపు తగ్గుట అదనపు లాభము. కెమేరాను మూడుకాళ్ళ పీట మీదనో, అది లేనిచో బండ మీద తువాలు మడచి దానిపైననో ఆనించక తప్పదు. తుంపర అద్దము మీద పడుచుండును. ప్రతి చిత్రమునకు ముందు పొడి నూలుగుడ్డతో ఒత్తవలెను, రుద్దరాదు.

పైసగము నల్లగా, క్రిందిసగము తేటగా ఉండు అద్దములు కొన్ని కలవు. సముద్రతీరమున దిగంతము గీత గీచినట్లుండును కావున అక్కడ అవి మేలు. అహోబిలమున కొండకొమ్ములు రంపపు పండ్లవలె పైకి లేచియుండును. ఆ అద్దపు సరిహద్దు కొమ్ములను సగమున కోసివేయును.

దూరపు మంచుపొరను గూర్చి మనవారికి ఒక భ్రమ ఉన్నది. ఫిల్టరు పెట్టినచో ఉగ్రస్తంభము తేటగా వచ్చునని. ఇందులో సగము నిజము. వానలు వెలసిన పిమ్మట, నల్లమల వరుసలు ఒకదాని వెనుక ఒకటి నీలముగా మాసిపోవుట గాలిలోని మిక్కిలి సన్నని కణములవలన. అవి నీలమునే ఎక్కువగా చెదరగొట్టును. ఆ మసకను నలుపు తెలుపులో పసుపు, ఎఱుపు అద్దములును, రంగులలో పోలరైజరును చాలవరకు తగ్గించును. కాని వేసవిలో ఆళ్ళగడ్డ వైపు మైదానమునుండి లేచు దుమ్మును, శీతాకాలపు టుదయమున లోయలో నిలుచు తెల్లని మంచును ఏ అద్దమును చీల్చజాలదు. ఆ కణములు పెద్దవి. అన్ని రంగులను సమముగా చెదరగొట్టును. జల్లెడకు ఏఱుటకు ఏమియు దొరకదు. వాన కురిసిన మఱునాడు పోవుటయే దానికి మందు.

ఫిల్టరు తీసివేయవలసిన చోటులును కలవు. దిగువ అహోబిలములో ప్రహ్లాదవరదస్వామి ఆలయపు విజయనగర కాలపు మండపము ఒకటి. బయట రాతినేల మీద కన్ను తెఱవనీయని ఎండ. లోపల స్తంభముల నడుమ చీకటి. ఈ తేడాను ఏ అద్దమును సరిచేయదు, ఏలయనగా అది ఎండను తగ్గించినంత నీడనుకూడ తగ్గించును. ఉదయమున ఎండ వాలుగా లోపలికి ప్రాకు వేళకై కాచుకొనవలెను. రెండవది దీపములు. నూనెదీపపు వెలుతురులో నీలము దాదాపు లేనే లేదు. లేనిదానిని అద్దము తేజాలదు. గర్భాలయములో చిత్రములు తీయవలదను నియమమును పాటించుచు, వెలుపలి దీపములను మాత్రము ఆ బంగారు చాయతోనే తీసికొనుట అందము. మూడవది పారువేట. కనుమనాడు స్వామి పల్లకి బయలుదేరి, నెలకు పైగా, ముప్పదికి పైగా గ్రామములలో తిరుగును. పల్లకి ఊరిలోనికి వచ్చునది ఏ పొద్దువేళనో, దుమ్ములో, జనములో. మనుష్యుల ముఖములు అక్కడ ముఖ్యము. పోలరైజరు మ్రింగు రెండు స్టాపుల వెలుతురు అక్కడ ఒక చెదరిన ముఖమునకు వెల.

ఎఱ్ఱ అద్దమును తిట్టితినని దానిని పాఱవేయనక్కరలేదు. మన నలుపు తెలుపు చలనచిత్రములలో పట్టపగటిని రాత్రిగా మార్చుటకు ఛాయాగ్రాహకులు వాడుచుండిన ఉపాయములలో అదియు ఒకటి. ఆకాశము నల్లబడునుగదా! కాని వారు ఆ అద్దముతో ఏమి పోవునో ముందే ఎఱిగి దానిని వాడిరి.

కొన్ని ఏండ్ల తరువాత, ఉద్యోగములో కుదిరి, సొంత కెమేరా కొనుక్కొని, ఒక శ్రావణమాసమున నేను మఱల ఎగువకు ఎక్కితిని. రాత్రి వాన కురిసి వెలసినది. ఎఱ్ఱకొండ తడిసి ముదురుగా ఉన్నది. పోలరైజరుతో రాతి మీది తెల్లని పొరను తీసి, రంగులలో తీసితిని. దిగివచ్చుచు, భవనాశిని ఒడ్డున నిలిచి, చట్రమును చివరిదాక త్రిప్పి, మెఱుపు ఒక్క చుక్కయు లేకుండ వాగును కూడ తీసితిని. నా నైపుణ్యమునకు నేనే మురిసితిని. ఎందుకైన మంచిదని, చట్రమును సగము వెనుకకు త్రిప్పి మఱియొకటి తీసితిని.

ఇంటికి వచ్చి చిత్రములు అమ్మ ముందర పఱచితిని. కొండను చూచి ఆమె ఏమియు అనలేదు, ప్రక్కన పెట్టుకొనెను. వాగు చిత్రమును మాత్రము తిప్పి తిప్పి చూచి, “ఏం నాయనా, వాన పడినాదంటివే, ఏట్లో నీళ్ళు లేవా? ఒట్టి గులకరాళ్ళే ఉండాయే!” అనెను.

మెఱుపును పూర్తిగా తీసివేయుటలో నేను నీటినే తీసివేసితిని. సగము త్రిప్పి తీసిన రెండవ చిత్రమును చూపితిని. గులకరాళ్ళు కనబడుచున్నవి, వాని మీద ఆకాశపు తునక ఒకటి వణకుచున్నది. ఆమె దానిని వ్రేలితో తాకి, తన తండ్రి తన చేయి పట్టుకొని దాటించిన బండ ఏదియో అందులో వెదకసాగెను.